జైలు నుంచి వచ్చినవారిని జ్ఞాపకాలు రాయమని పట్టుబట్టవచ్చా?

గవర్నర్‌పేట వాసి:
మా పెదనాన్న జీవితఖైదు ముగించుకుని రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి విజయవాడ వచ్చారు. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉన్నా తనంతట తాను తీయరు. ఎవరైనా వచ్చి తీసేదాకా దాని ముందే నిలబడతారు. పొద్దుగూకితే వీధిలోకి రారు. అక్కడ ఆ వేళకు తలలు లెక్కపెట్టి బ్యారక్‌కు తాళం వేసేవారట. మిత్రులేమో "రాయండి, గుండె బరువు దిగుతుంది, పుస్తక మహోత్సవానికి అచ్చు వేయిద్దాం" అని పోరుపెడుతున్నారు. నాకైతే మానుతున్న పుండును కెలకడంలా ఉంది. మీరేమంటారు?

బ్రాడీపేట అధ్యాపకురాలు:
రాయనివ్వండి. అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో ప్రచురించిన ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థులు తమను కుదిపేసిన సంఘటనల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాశారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. కానీ సంఘటనతో పాటు మనసులో కలిగినదాన్ని కూడా రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది.

ఆటోనగర్ మెకానిక్:
ఆ విద్యార్థులకు కూడూ గూడూ ఉన్నాయి మేడమ్. ఇక్కడ షెడ్డులో పనికి వచ్చినవాణ్ణి "ఇన్నేళ్లూ ఎక్కడున్నావు?" అని అడుగుతారు. నిజం చెబితే మరునాడు రమ్మనరు. ముందు పని చూపించండి, పుస్తకం తర్వాత.

కృష్ణలంక పాఠకురాలు:
హత్య కేసా? అయితే పోయినవారి ఇంట్లోవాళ్లూ ఆ పుస్తకం చదువుతారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?

ఒకప్పటి ఖైదీ, గుంటూరు:
నేనూ లోపల ఉండి వచ్చినవాణ్ణే. అక్కడ మేము రాసే ప్రతి ఉత్తరాన్నీ అధికారి చదివాకే బయటికి పంపేవారు. ఆయన కళ్లతో చూసుకుంటూ రాయడం చేతికి అలవాటైపోయింది. విడుదలయ్యాక అచ్చు కోసం కూర్చుంటే అదే చేయి! అధికారి స్థానంలో పాఠకుడు వచ్చాడు, అంతే. మేడమ్ చెప్పిన విద్యార్థులు పుస్తకం వేయడానికి రాయలేదు కదా.

ఎవరికీ చూపించనని నిశ్చయించుకున్నాకే నాకు రాయడం వచ్చింది. మొదట రాసింది కేసు గురించి కాదు. ములాఖత్‌లో జాలీ అవతల మా అమ్మ. గోలలో మాట వినపడక, తేజ మిర్చికి ఈసారి మంచి ధర పలికిందని గొంతు చించుకుని చెప్పింది. అడగాలనుకున్నవన్నీ మరిచిపోయి నేనూ "క్వింటా ఎంత?" అని అరిచాను. ఆ కాస్త రాయడానికి ఒక రాత్రి పట్టింది. తెల్లవారాక నిద్ర పట్టింది.

బ్రాడీపేట అధ్యాపకురాలు:
బాగుంది. మరి అందరూ దాచుకుంటే జైళ్ల సంగతి లోకానికి తెలిసేదెలా?

ఒకప్పటి ఖైదీ, గుంటూరు:
2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది కదా, దరఖాస్తు మీరే పెట్టండి. పెదనాన్నగారు తనంతట తాను తెచ్చి ఇస్తే చదవండి. అచ్చు మాట మాత్రం ఆయన నోట రావాలి.