లోడ్ సెల్ బోర్డులో అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లను విడదీయాలా?

ప్రశ్న (పలాస):
జీడిపప్పును తూచి సంచుల్లో నింపే యంత్రం కోసం రెండు పొరల బోర్డు గీస్తున్నాను. 2 ఆంపియర్ల మోటారు, 5 వోల్టుల రెగ్యులేటరు, దాని మీద హెచ్‌ఎక్స్711 (లోడ్ సెల్ అనే బరువు సెన్సరు ఇచ్చే చిన్న వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పు), మైక్రోకంట్రోలరు అన్నీ ఒకే 12 వోల్టుల సరఫరా మీద నడవాలి. నమూనా బోర్డులో మోటారు తిరగడం మొదలవగానే తూకం అంకెలు ఊగుతున్నాయి, ఒక్కోసారి మైక్రోకంట్రోలరు రీసెట్ అవుతోంది. గ్రౌండ్‌ను (కరెంటు సరఫరాకు తిరిగి వెళ్ళే రాగి దారిని) అనలాగ్, డిజిటల్ అని రెండుగా చీల్చి ఒక్కచోటే కలపమని కొందరంటున్నారు. సరఫరాలో నాయిస్‌ను అణిచే 100 నానోఫారడ్ కెపాసిటర్లు ఇప్పుడు రెగ్యులేటరు పక్కన వరుసగా ఉన్నాయి. సరిపోతాయా?

జవాబు (విజయనగరం):
చీల్చవద్దండి. కింది పొరను పూర్తిగా గ్రౌండ్‌కే వదిలి, ఏ కరెంటు ఏ దారిన వెనక్కి వెళ్ళాలో భాగాల అమరికతోనే నిర్ణయించాలి. ఒక ఔన్సు రాగి పొరలో చదరానికి (పొడవూ వెడల్పూ సమానమైన ముక్కకు) సుమారు అర మిల్లీఓమ్ నిరోధం ఉంటుంది కనుక, 1 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. పొడవు గల గ్రౌండ్ ట్రేసు (బోర్డు మీది రాగి గీత) గుండా మోటారు కరెంటు వెళితే 20 మిల్లీవోల్టులు పడతాయి. వోల్టుకు 2 మిల్లీవోల్టులిచ్చే లోడ్ సెల్ 5 వోల్టుల మీద పూర్తి బరువుకు ఇచ్చేదే 10 మిల్లీవోల్టులు! రెండు తీగల తేడానే కొలుస్తాం కనుక ఆ మొత్తం తూకంలో చేరదు గానీ, అందులో కొద్ది భాగం చేరినా అంకెలు ఊగడానికి చాలు. మోటారు డ్రైవరును సరఫరా టెర్మినల్ పక్కనే ఉంచి, హెచ్‌ఎక్స్711ను ఎదుటి అంచుకు చేర్చండి. గ్రౌండ్‌లో చీలిక ఉండి, దాని మీదుగా డేటా ట్రేసు దాటితే, తిరుగు కరెంటు చుట్టు తిరిగి రావలసి వచ్చి కొత్త నాయిస్ పుడుతుంది.

జవాబు (శ్రీకాకుళం):
కెపాసిటర్ల స్థానం మార్చాలి. ట్రేసుకు మిల్లీమీటరుకు సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ వేసుకుంటే, 20 మి.మీ. దూరంలోని కెపాసిటరుకు 10 మెగాహెర్ట్‌జ్ వద్ద దారి ఇంపిడెన్సే (మారే కరెంటుకు కలిగే అడ్డు) 1.25 ఓమ్‌లు అవుతుంది. 100 నానోఫారడ్ వల్ల వచ్చేది 0.16 ఓమ్ మాత్రమే. సరఫరా పిన్ను పిన్నుకీ ఒకటి, పిన్నును ఆనుకుని ఉండాలి. గ్రౌండ్ వయా (రెండు పొరలను కలిపే రాగి పూత రంధ్రం) కూడా ప్యాడ్ పక్కనే పడాలి. రీసెట్ విషయంలో నా అనుమానం వేరు: మోటారు లేచేటప్పుడు 12 వోల్టులు కుంగుతూ ఉండవచ్చు. రెగ్యులేటరు ఇన్‌పుట్‌కు ముందు షాట్‌కీ డయోడు, దాని తర్వాత 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెట్టి చూడండి.

ప్రశ్న (పలాస):
సెకనుకు 80 కొలతల వేగం వాడుతున్నాను. దాని ప్రభావం కూడా ఉంటుందా?

జవాబు (విజయనగరం):
ఉంటుంది. 10 కొలతల వేగంలో ఆ చిప్పు కరెంటు లైను 50 హెర్ట్‌జ్ నాయిస్‌ను వడగడుతుంది. నింపే వేగం ఒప్పుకుంటే అదే వాడండి. ఆసిల్లోస్కోపుతో చూసేటప్పుడు ప్రోబు పొడవాటి గ్రౌండ్ తీగను తీసి, కొన దగ్గరి చిన్న స్ప్రింగును తాకించండి. లేకపోతే ఆ తీగ పట్టుకున్న నాయిస్ బోర్డుదేనని అనిపిస్తుంది.