టెక్సస్‌లో ఇల్లు: హెచ్‌ఓఏ ఉన్నచోట కొనవచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో)

అందరికీ నమస్కారం. ఈమధ్యే కుటుంబంతో డాలస్ ప్రాంతానికి వచ్చాము. చూసిన ప్రతి ఇంటికీ హెచ్‌ఓఏ (కాలనీకి నిబంధనలు పెట్టి రుసుము వసూలు చేసే ఇంటి యజమానుల సంఘం) ఉంది. అది ఉంటే వీధి బాగుంటుందని ఒకరు, ఆ జోలికే పోవద్దని మరొకరు చెబుతున్నారు. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ లాంటిదే కదా? పెరట్లో కూరగాయలు పెంచాలని అమ్మ ఆశ. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (ప్లేనో)

నమస్కారమండీ. అపార్ట్‌మెంటు అసోసియేషన్ లాంటిదే అన్న ఆలోచన ముందుగా మానుకోండి. అక్కడ మెయింటెనెన్స్ ఆలస్యమైతే కార్యదర్శి తలుపు తడతారు, కాస్త మాటా మాటా అనుకుంటారు, నెల తిరిగేసరికి సర్దుకుంటుంది. ఇక్కడ హెచ్‌ఓఏకు బకాయి పడితే అది ఇంటి మీద లియెన్, అంటే తాకట్టు లాంటి హక్కు, అవుతుంది. బ్యాంకు వాయిదాలు తప్పకుండా కడుతున్నా సరే, ఆ బకాయి కోసం ఇల్లు వేలానికి వెళ్లవచ్చు. అప్పులవాళ్ల నుంచి సొంత నివాసానికి టెక్సస్‌లో ఉండే హోమ్‌స్టెడ్ రక్షణ కూడా దీన్ని ఆపదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది.

మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఎస్క్రో దగ్గర. నెల వాయిదాతో పాటు తీసుకుని బ్యాంకే మన తరఫున చెల్లించే ఖాతా ఎస్క్రో. అందులో ఆస్తి పన్ను, బీమా ఉంటాయి. హెచ్‌ఓఏ రుసుము మామూలుగా ఉండదు, దాన్ని మీరే విడిగా కట్టాలి. అన్నీ బ్యాంకే చూసుకుంటోందన్న నమ్మకంతో ఉత్తరాలు విప్పకుండా పక్కన పడేసినవారు నాకు తెలుసు. వకీలు ఖర్చులు కలిశాక ఆ మొత్తం చూసి నిద్ర పట్టలేదు వాళ్లకు. దయచేసి ప్రతి ఉత్తరమూ విప్పండి.

చట్టం మనకు రక్షణలూ ఇచ్చింది. కేవలం జరిమానాల కోసం ఇంటిని వేలం వేయడానికి వీల్లేదు. అసలు రుసుము బకాయికైనా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. పద్నాలుగుకు మించి ఇళ్లున్న సంఘమైతే బకాయిని కనీసం 3 నెలల వాయిదాల్లో కట్టే అవకాశం ఇవ్వాలి. ఇబ్బంది వస్తే మౌనంగా ఉండకుండా ఆ వాయిదాలు అడగండి.

ఇక అమ్మగారి తోట. పెరట్లో మడులు వేసుకుంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు, పేచీ అంతా పందిరితోనే. మా సందులో ఒకరు సొరపాదుకు ఇనుప గొట్టాలతో పందిరి వేశారు. కంచె ఆరడుగులు, పందిరి అంతకంటే బాగా ఎత్తు. వేసవిలో తీగ అల్లుకునేసరికి వీధిలోంచి స్పష్టంగా కనిపించింది, సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం వచ్చింది. ఆయన కోపం తెచ్చుకోకుండా 30 రోజుల గడువులోగా విచారణ కోరారు. పందిరి కొలతలతో కాగితం మీద బొమ్మ గీసి, ఫొటోలు పట్టుకుని బోర్డు ముందుకు వెళ్లారు. గొట్టాలను కంచె ఎత్తుకు కోయిస్తానన్నారు, బోర్డు ఒప్పుకుంది, జరిమానా పడలేదు. మీరైతే ముందే ఇంటి బయటి మార్పులను ఆమోదించే ఆర్కిటెక్చరల్ కమిటీకి దరఖాస్తు పెట్టి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కంచె రంగు, పెరటి షెడ్డు, ఇంటి పక్క కాంక్రీటు పని, ఏదైనా అంతే.

గుమ్మానికి తోరణం కట్టవచ్చా, వినాయకుణ్ణి పెట్టవచ్చా అని అడిగేవారుంటారు. నిశ్చింతగా పెట్టుకోండి. ఒకప్పుడు తలుపు మీద పెట్టే మతపరమైన వస్తువులు 25 చదరపు అంగుళాలకు మించకూడదనే పరిమితి ఉండేది. 2021 సవరణతో అది పోయింది.

నా మట్టుకు నేను హెచ్‌ఓఏ ఉన్నచోటే కొంటాను. పిల్లలకు ఈతకొలను, నడకదారి, ఎప్పుడూ కత్తిరించి ఉండే చెట్లు నాకు విలువైనవే. అయితే ముందు ఆ సంఘం కాగితాలు చూస్తాను. రీసేల్ సర్టిఫికెట్ అడగండి, దాని రుసుము 375 డాలర్లు మించకూడదు. సంఘం బడ్జెట్, రిజర్వు నిధి, దాని మీద నడుస్తున్న దావాలు, ఆ ఇంటి మీద బోర్డుకు తెలిసిన ఉల్లంఘనలు, అన్నీ అందులో ఉంటాయి. రిజర్వు లేని సంఘంలో ఈతకొలను మరమ్మతుకు వస్తే ప్రత్యేక వసూలు మీ నెత్తిన పడుతుంది. పాత యజమాని అనుమతి లేకుండా కట్టిన షెడ్డుకు రేపు ఉత్తరం మీ పేరునే వస్తుంది. ఒప్పందంతోపాటు సంతకం చేసే హెచ్‌ఓఏ అనుబంధ పత్రంలో, కాగితాలు అందిన 3 రోజుల్లోగా వెనక్కి తగ్గే వీలుంటుంది. ఏజెంటు ఏ గడిలో టిక్కు పెట్టారో చూడండి, ఆ కాగితాలే వద్దనే గడి కూడా అందులోనే ఉంటుంది.

జవాబు (కేటీ)

పై వారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. మా హ్యూస్టన్ సంగతి కొంచెం వేరు. ఈ నగరానికి జోనింగ్ చట్టం, అంటే ఏ స్థలంలో ఇళ్లు, ఎక్కడ దుకాణాలు ఉండాలో చెప్పేది, లేదు. పక్క స్థలంలో కారు మరమ్మతు షెడ్డు రాకుండా ఆపేది చాలాచోట్ల హెచ్‌ఓఏ నిబంధనల పత్రాలే.

వీసా మీద ఉన్నవారికి నేను గట్టిగా చెప్పేది అద్దె నిబంధనల గురించి. ఉద్యోగం పోయినా, ఊరు మారినా, ఇండియా వెళ్లాల్సి వచ్చినా ఇల్లు అద్దెకిచ్చి నిలబెట్టుకోవాలనుకుంటాం కదా. కొన్ని సంఘాలు అద్దె ఇళ్ల సంఖ్యకు పరిమితి పెడతాయి, కొన్ని కొన్న మొదటి ఏడాది అద్దెకు ఇవ్వనివ్వవు. ఈతకొలను కంటే ముందు నేను చూసేది ఇదే.

కొత్తగా కడుతున్న కాలనీ అయితే బోర్డు బిల్డరు చేతిలోనే ఉంటుంది. ఇళ్లు అమ్ముడుపోవాలి కాబట్టి మొదట్లో రుసుము తక్కువగా ఉండవచ్చు. అదే నిలుస్తుందని లెక్కలు వేసుకోకండి.

జవాబు (అర్వింగ్)

కొన్నాక చేయవలసింది ఒకటి చెబుతాను. బోర్డు సమావేశాలకు సభ్యులు ఎవరైనా వెళ్లవచ్చు. మామూలు సమావేశానికి 144 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. మా కాలనీలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నా, ఉత్తరం వచ్చినప్పుడు తప్ప సమావేశంలో ఒక్కరూ కనిపించేవారు కాదు. ఇద్దరు ఆడవాళ్లు పట్టుదలగా ఎన్నికల్లో నిలబడి బోర్డులోకి వెళ్లారు. దీపావళికి క్లబ్‌హౌస్, దసరాకు బతుకమ్మ ఆడుకోవడానికి పార్కు ఇప్పుడు అడిగితే ఇస్తున్నారు.

ఫ్రిస్కో వారూ, మీరు చూస్తున్న కాలనీ పేరు ఇక్కడ రాయండి. సంఘాల మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్లను (సంఘాన్ని ఎవరు నడుపుతున్నారో, ఎలా సంప్రదించాలో చెప్పే పత్రాలను) రాష్ట్రం తన వెబ్‌సైటులో అందరికీ చూపిస్తోంది. ఎలా వెతకాలో ఫోనులో చెబుతాను, శనివారం ఉదయం నాకు ఖాళీయే.