పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు: ఆవకాయదేనా తప్పు?

గోదారి_గట్టు:
అమ్మకు 61. నెల నుంచి లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, మధ్యాహ్నానికి దిగిపోతోంది. నిన్న సబ్బు రాసినా గాజులు రాలేదు. ఆవకాయ మానమంటే ఇంట్లో యుద్ధం. ఉప్పేనా కారణం?

రిటైర్డ్_మాస్టారు:
ఉప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే తినమంటుంది, టీ స్పూను కూడా నిండదు. మనకు ఊరగాయ, అప్పడాలతో మధ్యాహ్నానికే అది దాటుతుంది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. పడుకున్నప్పుడు ముఖంలో చేరుతుంది, లేచి తిరిగితే కాళ్లకు దిగుతుంది. మా ఇంట్లో జాడీని అటకెక్కించాను.

పలాస_పిల్ల:
నెల నుంచి ఉంటే ఆవకాయ మీదికి తోసేయడమేంటి మాస్టారూ? మూత్రంలో నురగ వస్తోందా అని అడిగారా? ప్రోటీన్ పోతుంటే చాలామందికి ముందు కళ్ల చుట్టే ఉబ్బుతుంది. మా నాన్నకూ ఉప్పు తగ్గించమనే అన్నారు చుట్టాలంతా. ఏడాది తర్వాత రక్తపరీక్షలో చూస్తే క్రియాటినిన్ 6, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టే.

రిటైర్డ్_మాస్టారు:
మీది కిడ్నీ జబ్బుల ఉద్దానం. మీకు ప్రతి ఉబ్బూ కిడ్నీలాగే కనిపిస్తుంది. ఆవకాయలో ఉప్పెంతో ఎప్పుడైనా తూచారా? నేను తూచాను.

నిద్రలేని_నాని:
థైరాయిడ్ కూడా చూపించండి. మా అక్కకు అదే. వేలితో నొక్కితే గుంట కూడా పడేది కాదు.

పలాస_పిల్ల:
మా వైపు చాలామందికి కిడ్నీ బాగా దెబ్బతినేదాకా ఉబ్బే రాదు సార్. అందుకే పరీక్ష చేయించమంటున్నా, తూకం కాదు.

గోదారి_గట్టు:
అడిగాను. "నురగా? అందరికీ ఉండదా?" అంది. ఇంకోటి, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రెండేళ్లుగా వేసుకుంటోందట. నాకు ఇవాళే తెలిసింది.

పలాస_పిల్ల:
రెండేళ్లా! ఆ మాత్రలూ ఒంట్లో ఉప్పు, నీరు పట్టి ఉంచుతాయి. కిడ్నీనీ దెబ్బతీస్తాయి. డాక్టరు చీటీ లేకుండా ఎవరిచ్చారండీ?

రిటైర్డ్_మాస్టారు:
ఇచ్చినవాణ్ణి అనడం తేలికే. మాత్ర మానేస్తే ఆవిడ మెట్లెలా ఎక్కాలి? మా ఆవిడా అవే వేసుకుంటుంది. మోకాళ్లు అరిగితే తెలుస్తుంది మీకు.

పలాస_పిల్ల:
అదీ సంగతి. జాడీ అటకెక్కింది, మాత్రల డబ్బా మాత్రం కిందే ఉంది. మీ ఆవిడకు పరీక్షలు ఎప్పుడు చేయించారు?

రిటైర్డ్_మాస్టారు:
ఆవిడకు ఉబ్బు లేదు. ఉప్పు విషయంలో నా మాట మారదు.

గోదారి_గట్టు:
రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మూత్రం, క్రియాటినిన్, థైరాయిడ్, బీపీ అన్నీ చూపిస్తాను. గాజులు కంసాలి కోశాడు, అమ్మ ఏడ్చింది.