పాట మారినప్పుడల్లా ఎక్కిలి: ఎవరైనా చెప్పండి ప్లీజ్

మేడమీద_మోత:
మూడు గంటలుగా కొట్టుకుంటున్నా, బుర్ర వేడెక్కిపోయింది. రేపు రాత్రి అన్నయ్య పుట్టినరోజు, మేడ మీద ఇరవై మంది. గర్ల్ టాక్ అనే అమెరికా సంగీతకారుడి రీమిక్స్ ఆల్బం ‘ఆల్ డే’ పెడదామనుకున్నా. పాట మారే చోట గుటుక్కుమని ఎక్కిలి, ఆ తర్వాత తాళమే వేరు. ఫోన్ ఆపి పెట్టా, యాప్ తీసేసి మళ్ళీ వేశా. లాభం లేదు.

పాత_క్యాసెట్:
ఏ యాప్? ఏ ఫైళ్ళు? సోదె చెప్పాలా?

లయపిచ్చి:
తమ్ముడూ, ముందు దాన్ని రీమిక్స్ అనకు. రీమిక్స్ అంటే ఒక పాటనే విప్పి మళ్ళీ కట్టడం. ఇది వందల పాటల ముక్కలు కలిపి కుట్టిన బొంత. ఒకడి ర్యాప్ కింద ఇంకొకడి గిటారు పరుస్తాడు, దాన్ని మాషప్ అంటారు. అవలాంచెస్ అనే ఆస్ట్రేలియా బృందం వాళ్ళు 2000లో ‘సిన్స్ ఐ లెఫ్ట్ యూ’ చేసినప్పుడు పాత రికార్డుల ముక్కల్ని ఏది ఎక్కడిదో పోల్చుకోలేనంతగా కలిపేశారు. ఇక్కడ మాత్రం పోల్చుకోవడంలోనే మజా, ‘అరె, ఇది ఆ పాటే కదా’ అని అరుస్తాం. ఇలా పాత రికార్డు ముక్క కోసి వాడటాన్నే శాంపిల్ అంటారు. అమెరికా గాయని బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో ఆ వయొలిన్ల బిట్టు తెలుసా? ‘ఏక్ దూజే కే లియే’ సినిమా పాటలోది. మన ‘మరో చరిత్ర’కి హిందీ అది.

గోంగూర_బీట్స్:
అంటే బాలుగారి గొంతు బ్రిట్నీ పాటలో ఉందా???

లయపిచ్చి:
గొంతు లేదండీ, వయొలిన్లే. ఆ పాట లత, బాలు పాడారు, బాణీ లక్ష్మీకాంత్-ప్యారేలాల్.

నిమ్మకాయ_సోడా:
ఎత్తిపోతకి శాంపిల్ అని ముద్దుపేరు. మనవాళ్ళు చేస్తే కాపీ, వాళ్ళు చేస్తే కళ.

లయపిచ్చి:
బాణీ ఎత్తడం వేరు, రికార్డునే కోసి వాడటం వేరు.

నిమ్మకాయ_సోడా:
కోస్తే దొంగతనం కాదా?

మేడమీద_మోత:
అన్నా, నా ఎక్కిలి సంగతి?? ఎంపీత్రీలు, 12 ఫైళ్ళు, ఫోన్‌లోనే ఉన్నాయి. స్పీకర్ బ్లూటూత్. ఎవరో చెబితే క్రాస్‌ఫేడ్ 6 సెకన్లు పెట్టా, అంటే ఒక పాట తగ్గుతుంటే తర్వాతిది మొదలవుతుంది, రెండు డప్పులు ఒకదాని మీదొకటి పడుతున్నాయి.

పాత_క్యాసెట్:
షఫుల్, అదే పాటల వరస కలిపేసేది, ఆన్‌లో ఉందా?

మేడమీద_మోత:
ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కదా.

పాత_క్యాసెట్:
నాయనా. అది 71 నిమిషాల ఒకే పాట. వినేవాళ్ళ సౌకర్యానికి 12గా కోశారు. ఒకటో ముక్క తోక రెండోదాని తలకే అతుకుతుంది, ఏడోదానికి కాదు. షఫుల్ తీసెయ్, క్రాస్‌ఫేడ్ సున్నా చెయ్.

రాగి_చెంబు:
అప్పటికీ చిన్న గ్యాప్ ఉండొచ్చు. ఎంపీత్రీ ఫ్రేములు అనే చిన్న ముక్కలుగా ఉంటుంది, ఒక్కోదాంట్లో 1152 శాంపిళ్ళు (శబ్దాన్ని కొలిచిన అంకెలు), అంటే ఫ్రేముకి సుమారు 26 మిల్లీసెకన్లు. చివరి ఫ్రేము నిండకపోతే నిశ్శబ్దం పోసి నింపుతుంది, మొదట్లో కూడా కొంచెం చేరుతుంది. ప్లేయర్‌కి గ్యాప్‌లెస్, అంటే మధ్యలో ఖాళీ లేకుండా వాయించడం, తెలిస్తే దాన్ని కత్తిరిస్తుంది, లేకపోతే వినిపిస్తుంది. 2010లో ఈ ఆల్బంని ఉచితంగా వదిలినప్పుడు మొత్తం కలిపి ఒకే ఫైల్‌గా కూడా ఇచ్చారు. అది దొరికితే గొడవే లేదు.

లయపిచ్చి:
చూశారా, ఇక్కడ ‘శాంపిల్’ అంటే ఇంకో అర్థం. అందుకే ముందు మాటలు తేల్చుకుందామన్నా.

నిమ్మకాయ_సోడా:
మాటలు తేలినా ఎత్తిపోత ఎత్తిపోతే.

మేడమీద_మోత:
షఫులే. ఛ. థాంక్స్, బిర్యానీ ఆర్డర్ ఇవ్వాలి.

గోంగూర_బీట్స్:
‘టాక్సిక్’లో ఆ బిట్టు ఎన్నో సెకనులో వస్తుందో ఎవరైనా చెప్తారా?