అప్‌డేట్: చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్, అడ్డంగా తిరిగిన స్క్రీన్ సరిచేశాను

లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక స్క్రీన్ 90 డిగ్రీలు పక్కకి తిరిగి కనిపిస్తోందని, టచ్ ఒకచోట నొక్కితే ఇంకోచోట పడుతోందని అడిగాను కదా, రెండూ సరయ్యాయి. అసలు కారణం ఏంటంటే, ఇలాంటి బుల్లి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి నిలువుగా ఉండే టాబ్లెట్ ప్యానెల్ బిగిస్తారు. ఏ మోడల్‌కి ఎటు తిప్పాలో లినక్స్ ప్రధాన భాగమైన కెర్నల్‌లో ఒక పట్టిక ఉంటుంది, అందులో నా మోడల్ లేదు.

గ్రబ్ (ఆన్ చేయగానే లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లో కెర్నల్ లైన్ చివర ‘వీడియో’ ఆప్షన్ పెట్టి, ప్యానెల్ ఓరియంటేషన్‌ని ‘రైట్ సైడ్ అప్’ అని రాశాను. గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ కొడితే లాగిన్ స్క్రీన్ నిటారుగా వచ్చింది, ప్రాణం లేచొచ్చింది! టచ్ మాత్రం మొండికేసింది. దానికి యూడెవ్ (పరికరాల సెట్టింగ్స్ చూసే భాగం) రూల్ ఒకటి రాసి, టచ్, మౌస్ లాంటివాటిని నడిపే లిబ్‌ఇన్‌పుట్ కాలిబ్రేషన్ మ్యాట్రిక్స్‌లో టచ్‌ని ఎటు తిప్పాలో చెప్పే అంకెలుగా ‘0 -1 1 1 0 0’ ఇచ్చాను, అంటే సవ్యదిశలో 90 డిగ్రీలు. మీకు స్క్రీన్ రెండోవైపు తిరిగి ఉంటే ‘0 1 0 -1 0 1’ పెట్టి చూడండి.

గ్రబ్ మెనూ ఇంకా అడ్డంగానే వస్తోంది, బూట్ అయ్యేటప్పుడు రెండు క్షణాలే కాబట్టి వదిలేశాను. ఇప్పుడు ఈ మోడల్ వివరాలు ఆ పట్టికలోకి చేర్చమని కెర్నల్ వాళ్లకి ప్యాచ్ (కోడ్‌లో చిన్న మార్పు) పంపబోతున్నాను. సాయం చేసినవాళ్లందరికీ చాలా థాంక్స్.