దోచుకోవడానికి వచ్చినవాడే నాయకుడైతే అది వలసవాద వ్యతిరేక చిత్రమేనా?

పాతరీలు:
2009లో వచ్చిన జేమ్స్ కామెరాన్ చిత్రం ‘అవతార్’ను వలసవాదంపైనా, ఇరాక్ యుద్ధంపైనా ఎక్కుపెట్టిన విమర్శగా చెప్పుకోవడం పరిపాటి అయింది. ఖనిజం కోసం పండోరా అనే పరలోకంలో దిగిన మనుషుల కంపెనీ, దానికి కాపలాగా కిరాయి సైన్యం, ముందుగా దాడి చేయడమే మన రక్షణ అని ఆ సైన్యాన్ని రెచ్చగొట్టే కల్నల్ క్వారిచ్, ఇవన్నీ 2003 నాటి అమెరికాను గుర్తుకు తెస్తాయన్నది నిజమే. నా అభ్యంతరం వేరు. అక్కడి స్థానికులైన నావీలలో ఆ తరంలో ఎవరికీ సాధ్యం కాని పనిని, అంటే ఆకాశాన్నేలే తోరుక్ అనే భారీ ఎగిరే జంతువును లొంగదీసి తెగలన్నిటినీ కూడగట్టడాన్ని, నిన్నగాక మొన్న అడవిలో అడుగుపెట్టిన మాజీ సైనికుడు జేక్ సాధిస్తాడు. దోచే హక్కుతో పాటు కాపాడే అర్హత కూడా వచ్చినవాడిదేనా?

మన్యంబాట:
కథలోని లోపాన్ని మీరు సరిగానే పట్టుకున్నారు. అయితే చిత్రాన్ని ఎవరు ఎలా వాడుకున్నారో కూడా చూడాలి. 2010 ఫిబ్రవరిలో పాలస్తీనాలోని బిలిన్ గ్రామంలో, తమ పొలాలను చీల్చిన ఇజ్రాయెల్ అడ్డుగోడకు నిరసనగా కొందరు ఒంటికి నీలిరంగు పూసుకుని నావీల వేషంలో ఊరేగారు. అదే నెలలో, ఒడిశా నియమగిరిపై బాక్సైట్ తవ్వకాన్ని ఎదిరిస్తున్న డోంగ్రియా కోందు గిరిజనులకు అండగా నిలవమని కామెరాన్‌ను కోరుతూ సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ అమెరికా సినీపత్రిక వెరైటీలో ప్రకటన వేసింది. నావీల నివాసమైన మహావృక్షం కూలే ఘట్టంలో తమ కథను చూసుకున్నవారికి జేక్ ఎవరైతేనేం?

పాతరీలు:
నియమగిరి ప్రస్తావన మీరే తెచ్చారు కనుక ఆ కథ ఎక్కడ తేలిందో కూడా చెప్పుకుందాం. 2013లో సుప్రీంకోర్టు విషయాన్ని గ్రామసభలకు అప్పగించగా, 12 గ్రామసభలూ తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించాయి. కామెరాన్ కథలో అలాంటి సభ ఒక్కటీ లేదు. ఆఖరి యుద్ధానికి ముందు ఉపన్యాసమిచ్చేది జేక్ అయితే, తెగ నాయకుడైన ట్సుటే పక్కన నిలబడి దుబాసీ పని చేస్తాడు. (ఈస్టిండియా కంపెనీ చరిత్ర చదివినవారికి దుబాసీ కొత్త కాదు.)

‘అవతార్’ వచ్చిన ఏడాదే విడుదలైన నీల్ బ్లోమ్‌క్యాంప్ చిత్రం ‘డిస్ట్రిక్ట్ 9’ నాకు ఇంతకంటే నిజాయితీగా తోస్తుంది. దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి 60,000 మందికి పైగా వెళ్లగొట్టిన చరిత్ర ఆ పేరు వెనుక ఉంది. చిత్రంలో ఆయుధాల కంపెనీ ఉద్యోగి వికుస్ కాగితాలు పట్టుకుని, భూమిపై మురికివాడలో బతుకుతున్న గ్రహాంతరవాసుల గుడిసె గుడిసెకూ తిరుగుతూ, ఖాళీ చేయిస్తున్నట్టు వారిచేతనే సంతకాలు పెట్టించుకుంటాడు. ఏ బాంబుదాడికీ కలగని కలవరం నాకు ఆ చిరునవ్వుల తతంగం చూస్తే కలిగింది.

మన్యంబాట:
ఆ సన్నివేశం విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాని అదే చిత్రం నైజీరియన్లను గ్రహాంతరవాసుల మాంసం తింటే వారి శక్తి వస్తుందని నమ్మే ముఠాగా చూపి, ముఠా నాయకుడికి ఆ దేశ మాజీ అధ్యక్షుడు ఒబసాంజోను తలపించే పేరు పెట్టింది. 2009 సెప్టెంబరులో నైజీరియా సమాచార మంత్రి డోరా అకున్యిలి ఆ చిత్రాన్ని నిలిపివేయమని థియేటర్లను కోరారు. ఆఫ్రికావారిని నరమాంస భక్షకులని ప్రచారం చేసింది వలసపాలకులే కదా! జేక్‌కు వేసిన మార్కులు తగ్గించినప్పుడు, దీనికి ఎన్ని తగ్గిస్తారో కూడా మీరే చెప్పండి.