మంచితనం నిజంగానే ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?

వెన్నెలబాట:
ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా, అది నేను కళ్లారా చూశాను. మా ఆఫీసులో ఇద్దరు, పక్కవాళ్లు చేసిన పనిని మీటింగులో పేరు పెట్టి మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి అది అందరి అలవాటైంది. ఫౌలర్, క్రిస్టాకిస్ అనే పరిశోధకులు కూడా 2008లో ఇదే చెప్పారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనంలోని 4,739 మంది వివరాలను, 1983 నుంచి 2003 వరకు ఉన్నవి, చూశారు. స్నేహితుడి స్నేహితుడికి స్నేహితుడు సంతోషంగా ఉన్నా దాని ప్రభావం మన దాకా వస్తుందని రాశారు. అంటే ఒక్కరు మారితే చాలు, మిగతాది దానంతటదే పాకుతుంది. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలపిచ్చి:
నేను కాదంటాను. ఆ పరిశోధనలోనే కలిసి పనిచేసేవాళ్ల మధ్య ఆ ప్రభావం కనిపించలేదు. మీరు చెప్పింది ఆఫీసు సంగతి! పైగా అదే ఏడాది కోహెన్-కోల్, ఫ్లెచర్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి లెక్కనే టీనేజర్ల మొటిమలకి, తలనొప్పికి, ఎత్తుకి కట్టి చూశారు. అవీ స్నేహితుల ద్వారా పాకుతున్నట్టే వచ్చింది. స్నేహితుడు పొడుగైతే మనం పొడుగవుతామా? ఒకేలాంటి వాళ్లు ఒకచోట చేరతారు, ఒకే పరిస్థితుల్లో బతుకుతారు. దాన్ని అంటుకోవడం అనుకుంటున్నాం.

వెన్నెలబాట:
సరే, స్నేహితుల్ని పక్కన పెడదాం. 2010లో ఫౌలర్, క్రిస్టాకిస్ విశ్లేషించిన ఇంకో ప్రయోగం ఉంది. అందులో ఉన్నది ముక్కూమొహం తెలియనివాళ్లు. అందరికీ పంచే ఉమ్మడి నిధిలో ఎవరికి వారు డబ్బు వేసే ఆట అది. ఒకే మనిషి మళ్లీ ఎదురుపడకుండా గుంపులు మార్చారు. ఒకరు ఎక్కువ ఇస్తే, అది చూసినవాళ్లు తర్వాతి గుంపులో ఎక్కువ ఇచ్చారు. దీనికేమంటారు?

లెక్కలపిచ్చి:
అది గట్టి సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆటలో పిసినారితనం కూడా అలాగే పాకింది. "దానంతటదే" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం.

నెమ్మది:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరిద్దరూ మూడ్‌నీ అలవాటునీ కలిపేస్తున్నారు. మూడ్ ఒక్క మొహం చూస్తే మారుతుంది, గంటలో పోతుంది. అలవాటుకి ఒక్కరు చాలరు. సెంటోలా అనే పరిశోధకుడు 2010లో 1,528 మందితో ఆన్‌లైన్‌లో చేసిన ప్రయోగంలో, ఒకరికొకరు పరిచయం ఉన్న గుంపుల్లో ఒక ఆరోగ్య వెబ్‌సైటులో చేరడమనే కొత్త పని సుమారు 54 శాతం మందికి పాకితే, చెల్లాచెదురు పరిచయాల్లో 38 శాతం దగ్గరే ఆగింది. ఇద్దరు ముగ్గురు చెప్తేనే మనిషి కదులుతాడు. నా సంగతే చూడండి. రక్తదానానికి రమ్మని ఒక స్నేహితుడు మూడేళ్లు పిలిచినా వెళ్లలేదు. మా అన్నయ్య, వదిన ఒకే నెలలో ఇచ్చి వచ్చారు. తర్వాతి నెల నేనూ వెళ్లాను.

మౌనరాగం:
మీ చర్చ చదివితే నాకు బాధగా ఉంది. మా నాన్న చనిపోయిన ఏడాది నాకు బాగా తెలిసినవాళ్లే దూరం జరిగారు. "నెగెటివ్‌గా మాట్లాడకు, మాకూ అదే మూడ్ వస్తుంది" అని ఒకామె నా మొహం మీదే అంది. సంతోషం అంటుకుంటుందని నమ్మేవాళ్లకి దుఃఖంలో ఉన్న మనిషి రోగిలా కనిపిస్తాడు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

వెన్నెలబాట:
మౌనరాగం గారూ, క్షమించండి. నేను ఆ వైపు ఆలోచించనేలేదు. నెమ్మది గారు అన్నదీ నిజమే. మా ఆఫీసులో ఆ అలవాటు పట్టిన మూడో మనిషి ఎవరా అని గుర్తుచేసుకుంటే, ఆ ఇద్దరి మధ్య సీటులో కూర్చునే ఆవిడే. "ఒక్కరు చాలు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడగొచ్చో లేదో... ఆ ఏడాది మీ దగ్గరికి ఎవరూ రాలేదా?

మౌనరాగం:
ఒకావిడ వచ్చేది. ఓదార్చేది కాదు, నవ్వించాలనీ చూసేది కాదు. గంటసేపు పక్కన కూర్చుని వెళ్లిపోయేది. ఈమధ్య మా పై అంతస్తులో ఒకాయన భార్య చనిపోయారు. సాయంత్రాలు వెళ్లి కూర్చుంటున్నాను. నిన్న వాళ్ల పక్కింటాయన కూడా వచ్చాడు.